క్లచ్ తొక్కకుండా గేరు మారే ట్రాక్టరు: స్వయంచలిత శక్తి ప్రసరణ పద్ధతులు, నడపడంలో తేడాలు

రోడ్డుపై పోతున్న కారులో క్లచ్ తొక్కి గేరు మార్చడానికి ఒక సెకను పట్టినా, కారు తన ఊపు మీద ముందుకు సాగుతూనే ఉంటుంది. దుక్కిలో ఉన్న ట్రాక్టరుకు ఆ వెసులుబాటు లేదు. క్లచ్ తొక్కి చక్రాలకు శక్తి అందకుండా చేసిన మరుక్షణమే నాగలి లాగుడు బరువు ట్రాక్టరును నిలబెట్టివేస్తుంది. అందువలన చోదకుడు చాలు మొదట్లోనే ఒక గేరును ఎంచుకొని చివరి వరకు దానితోనే దున్నుతాడు. చేనిలో గట్టిగా ఉన్న భాగాన్ని దృష్టిలో పెట్టుకొని తక్కువ గేరు వేసుకొంటే, మెత్తని భాగంలో ఇంజను సామర్థ్యం కొంత వినియోగం కాకుండా మిగిలిపోతుంది. కార్లలో స్వయంచలిత గేర్లు ప్రధానంగా సౌకర్యం కోసం వచ్చాయి. ట్రాక్టర్లలో మాత్రం పని ఆగకుండా ఉండేందుకు వచ్చాయి.

1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో 'హైడ్రా-మాటిక్' గేరు పెట్టె ప్రవేశించిన తరువాత, 1954లో అమెరికాలోని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ తన ట్రాక్టర్లలో 'టార్క్ యాంప్లిఫయర్' అనే అదనపు అమరికను చేర్చింది. ఒక మీటను లాగితే, ట్రాక్టరు ఆగకుండానే వేగం సుమారు మూడింట ఒక వంతు తగ్గి లాగుడు శక్తి పెరిగేది. అయితే ఇందులో ఒకే దిశలో పట్టు ఇచ్చే క్లచ్ ఉండేది. తక్కువ వేగంలో పల్లానికి దిగేటప్పుడు చక్రాలు ఇంజనును తిప్పలేక ట్రాక్టరు స్వేచ్ఛగా జారేది, అంటే ఇంజను నిరోధం పనిచేసేది కాదు. 1959లో ఫోర్డ్ సంస్థ 10 ముందు గేర్ల 'సెలెక్ట్-ఓ-స్పీడ్'ను, 1963లో జాన్ డీర్ సంస్థ 8 ముందు గేర్ల 'పవర్ షిఫ్ట్'ను విడుదల చేశాయి. వీటన్నిటికీ మూలం గ్రహ గేర్ల సముదాయమే.

ఈ సముదాయంలో మధ్యన సూర్య గేరు, దాని చుట్టూ ఒక వాహకంపై అమర్చిన గ్రహ గేర్లు, వాటిని చుట్టి లోపలి వైపు పళ్లున్న వలయ గేరు ఉంటాయి. పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి, ఏ గేరూ పక్కకు జరగదు. సూర్య గేరుకు 30, వలయ గేరుకు 60 పళ్లు ఉన్నాయనుకొందాం. వలయాన్ని కదలకుండా పట్టి ఉంచితే సూర్య గేరు 3 చుట్లు తిరిగినప్పుడు వాహకం 1 చుట్టు తిరుగుతుంది. వాహకాన్ని పట్టి ఉంచితే వలయం వెనుకకు, సూర్య గేరు వేగంలో సగంతో తిరుగుతుంది. ఏ రెండు భాగాలను కలిపి బిగించినా మొత్తం సముదాయం ఒకే ముద్దగా తిరుగుతుంది. ఏ భాగాన్ని పట్టాలో, దేన్ని వదలాలో నిర్ణయించేవి నూనెలో మునిగి ఉండే బహుళ పలకల క్లచ్‌లు, బ్రేకులు. వీటిని నూనె పీడనం బిగిస్తుంది. ఆధునిక యంత్రాలలో ఆ పీడనాన్ని విద్యుత్ కవాటాలు నియంత్రిస్తాయి.

గేరు మార్పు నాణ్యత అంతా ఒక క్లచ్ వదలడానికి, మరొకటి పట్టడానికి మధ్యనున్న సమయంలో ఉంటుంది. రెండింటి మధ్య ఖాళీ ఏర్పడితే ట్రాక్టరు ఒక్కసారి ఆగినట్లై కుదుపుతో కదులుతుంది. రెండూ ఒకేసారి ఎక్కువసేపు పట్టితే ఒకదానితో ఒకటి పెనుగులాడి పలకలు వేడెక్కుతాయి. చోదకుడు 'గేరు కొడుతోంది' అని ఫిర్యాదు చేసినప్పుడు పళ్లు అరిగాయని భావించే ముందు నూనె మట్టం, పీడనం పరీక్షించడం సముచితం.

కార్లలో సర్వసాధారణమైన టార్క్ కన్వర్టర్ వ్యవసాయ ట్రాక్టర్లలో అరుదు. ఇందులో నూనె ప్రవాహమే ఇంజనుకు, గేరు పెట్టెకు మధ్య బంధం. బయలుదేరేటప్పుడు ఇది భ్రామకాన్ని దాదాపు రెండింతలు చేయగలదు, కదలిక మృదువుగా ఉంటుంది. కానీ బరువు పెరిగిన కొద్దీ జారుడు పెరిగి, శక్తి వేడిగా మారి, నేలపై వేగం తగ్గుతుంది. పిచికారీలో నాజిల్ ప్రవాహం మారకుండా వేగం గంటకు 5 కి.మీ. నుంచి 4 కి.మీ.కు పడిపోతే, హెక్టారుకు పడే మందు 25 శాతం పెరుగుతుంది. రోడ్డు మీద హాయినిచ్చే గుణమే పొలంలో లోపమవుతుంది.

వరికోత యంత్రాల అవసరం వేరు. నూర్పిడి డ్రమ్ము వేగం స్థిరంగా ఉంటూ, పైరు ఒత్తుగా ఉన్నచోట నడక మాత్రం తగ్గాలి. దీనికి హైడ్రోస్టాటిక్ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఇంజను తిప్పే పిస్టన్ పంపులో వాలు పలక కోణాన్ని మీటతో మార్చితే నూనె పరిమాణం మారి, మోటారు వేగం మారుతుంది. పలకను రెండో వైపు వంచితే యంత్రం వెనుకకు నడుస్తుంది. డెల్టా మడులలో రైతులు 'చైను మిషను' అని పిలిచే కోత యంత్రాలలో చోదకుడు క్లచ్ ఊసే లేకుండా మీటతో పని సాగించడం ఇందువలననే. అయితే నిరంతరం భారీగా లాగే దుక్కికి ఇది అంత అనుకూలం కాదు. ఒక జత గేరు పళ్ల మధ్య నష్టం 1–2 శాతమే, నూనె మార్గంలో అది ఎన్నో రెట్లు అధికం.

ఈ రెండు మార్గాలనూ కలిపిన పరిష్కారాన్ని జర్మనీకి చెందిన ఫెండ్ట్ సంస్థ 1995లో 'వేరియో' ట్రాక్టరుతో మార్కెట్టు ముందుకు తెచ్చింది. ఇందులో ఇంజను గ్రహ వాహకాన్ని తిప్పుతుంది. వలయం పంపును తిప్పుతుంది, సూర్య గేరు యాంత్రిక మార్గంలో శక్తిని పంపుతుంది, రెండూ చివర కలుస్తాయి. బయలుదేరేటప్పుడు శక్తి నూనె మార్గంలో, గరిష్ఠ వేగంలో యాంత్రిక మార్గంలో ప్రవహిస్తుంది. మధ్యలో గేరు మెట్లంటూ ఉండవు. మొదటిసారి నడిపేవారికి ఇది వింతగా తోస్తుంది. ఇంజను శబ్దం పెరగకుండానే ట్రాక్టరు వేగం పుంజుకొంటుంది. గేర్ల ట్రాక్టరులో చెవితో వేగాన్ని అంచనా వేసే అలవాటున్న చోదకుడు కొన్నాళ్లపాటు వేగమాపకాన్నే నమ్మవలసి ఉంటుంది.

విస్తరణ శాస్త్రవేత్తను రైతు అడిగే ప్రశ్న మాత్రం ధర, మరమ్మతు గురించే. దమ్ము, రోటవేటర్, ట్రాలీ పనులకే పరిమితమైన చిన్న కమతానికి, పి.టి.ఓ.కు వేరు క్లచ్ ఉన్న 8 ముందు, 2 వెనుక గేర్ల ట్రాక్టరు చాలావరకు సరిపోతుంది. రోజుకు పలుమార్లు ముందుకు, వెనుకకు మార్చే లోడరు పనిలో, లేదా బాడుగకు ఏకధాటిగా తిరిగే కోత యంత్రంలో స్వయంచలిత పద్ధతి చోదకుని మోకాలి శ్రమను తగ్గించి తన ఖర్చును రాబట్టుకోగలదు. వీటి పంపు, మోటారు భాగాల మధ్య ఖాళీలు మైక్రాన్లలో ఉంటాయి. నూర్పిడి దుమ్ములో మూత తీసి, గుడ్డతో తుడిచిన గరాటుతో నూనె పోయడం గేరు పళ్లు భరిస్తాయేమో గాని పిస్టన్ పంపు భరించదు.

ఇంజను ఆపితే హైడ్రోస్టాటిక్ యంత్రం తనంతట తానే నిలిచి ఉంటుందనే నమ్మకం చోదకులలో కనిపిస్తుంది. లోపలి నూనె కారడం వలన వాలు గట్టుపై అది మెల్లగా జారగలదు, కనుక చేతి బ్రేకు వేయక తప్పదు. బురదలో ఇంజను ఆగిపోయిన కోత యంత్రాన్ని తాడు కట్టి లాగవలసి వస్తే, తయారీదారు సూచించిన విధంగా పక్కదారి కవాటాన్ని ముందుగా తెరవాలి. లేనిచో చక్రాలే మోటారును పంపులా తిప్పి, వెళ్లే దారి లేని నూనె పీడనం సీళ్లను, గొట్టాలను పగులగొడుతుంది. ఆ కవాటం ఎక్కడుందో యంత్రం కొన్న రోజునే చోదకునికి చూపించాలి.