పాటల మోతలో కాలింగ్ బెల్ వినిపించట్లేదా? ఈఎస్‌పీ32తో ఇలా చేయండి

మొన్న ఆదివారం బ్లూటూత్ స్పీకర్‌లో ఫుల్ సౌండ్‌తో పాటలు పెట్టుకుని గదిలో కూర్చున్నా. గుడికెళ్లిన నానమ్మ తిరిగొచ్చి, ఇరవై నిమిషాలు గుమ్మం బయట ఎండలో నిలబడింది. ఫోన్ ఇంట్లోనే మర్చిపోయి వెళ్లింది. బెల్ ఎన్నిసార్లు కొట్టిందో! తలుపు తీశాక తిట్టలేదు. "కాసిని నీళ్లివ్వు నాన్నా" అంది, అంతే. ఆ సాయంత్రమే ఈ ప్రాజెక్ట్ మొదలుపెట్టా.

ఇంకా గట్టిగా మోగే బెల్ కొంటే సరిపోదా? పాటలు లేనప్పుడు అది మోగితే ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. పోనీ మైక్ సెన్సర్ పెడదామంటే, డ్రమ్ బీట్‌నే బెల్ అనుకుంటుంది. అందుకే బెల్ శబ్దాన్ని వదిలేసి, బెల్‌కి వెళ్లే కరెంట్‌ని పట్టుకుందాం. బెల్ మోత పెంచే బదులు పాట సౌండ్ తగ్గిద్దాం.

కావలసినవి

- ఈఎస్‌పీ32 బోర్డు (ఈఎస్‌పీ8266లో బ్లూటూత్ ఉండదు, కాబట్టి అది పనికిరాదు)
- పాత 5 వోల్టుల ఫోన్ ఛార్జర్
- పీసీ817 ఆప్టోకప్లర్, 470 ఓమ్‌ల రెసిస్టర్
- చిన్న బజర్ మాడ్యూల్

కనెక్షన్లు

1. ఛార్జర్‌ని బెల్‌కి ప్యారలల్‌గా కలపాలి. అప్పుడు స్విచ్ నొక్కినప్పుడే దానికి కరెంట్ వస్తుంది. ఇది 230 వోల్టుల పని. ఈ ఒక్కటీ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.
2. ఛార్జర్ ప్లస్ వైరును రెసిస్టర్ ద్వారా పీసీ817 ఒకటో పిన్‌కి, మైనస్‌ను రెండో పిన్‌కి ఇవ్వండి.
3. నాలుగో పిన్‌ను ఈఎస్‌పీ32 జీపీఐఓ 27కి, మూడో పిన్‌ను గ్రౌండ్‌కి కలపండి.
4. బజర్ సిగ్నల్ వైరును జీపీఐఓ 26కి ఇవ్వండి. ఈఎస్‌పీ32కి వేరే ఛార్జర్‌తో ఎప్పుడూ పవర్ ఉండాలి.

కోడ్ ఏం చేయాలి?

ఆర్డుయినో ఐడీఈలో బీఎల్ఈ కీబోర్డ్ లైబ్రరీ వేసుకుంటే, ఫోన్‌కి మన బోర్డు ఒక బ్లూటూత్ కీబోర్డ్‌లా కనిపిస్తుంది. 27వ పిన్‌కి లోపలి పుల్-అప్ ఆన్ చేయండి. బెల్ నొక్కగానే ఆ పిన్ లో అవుతుంది. వెంటనే వాల్యూమ్ డౌన్ కీని 50 మిల్లీసెకన్ల తేడాతో 30 సార్లు పంపి, తర్వాత బజర్‌ని ఐదు సెకన్లు మోగించాలి. పాట తగ్గేలోపు అసలు బెల్ ఆగిపోవచ్చు కాబట్టే ఈ బజర్.

మొదట నేను ప్లే/పాజ్ కీ పంపి దెబ్బతిన్నా. పాటలు ఆపి ఉన్నప్పుడు ఎవరైనా బెల్ కొడితే పాట మొదలయ్యేది! వాల్యూమ్ డౌన్‌తో ఆ గొడవ లేదు.

ఇవి గుర్తుంచుకోండి

- ఫోన్‌లో టైప్ చేసే కీబోర్డ్ మాయమైతే, ఫిజికల్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఆన్-స్క్రీన్ కీబోర్డ్‌ని ఆన్ చేయండి.
- టీవీ సౌండ్ దీనితో తగ్గదు. బోర్డుతో పెయిర్ అయిన ఫోన్‌లో వచ్చే పాటలకే ఇది పనిచేస్తుంది.
- స్విచ్‌ని మరీ చిన్నగా నొక్కితే కొన్ని ఛార్జర్లు అందుకోలేవు. రెండు మూడు ఛార్జర్లు మార్చి చూడండి.

చివరగా స్పీకర్ ఫుల్‌లో పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లనే బెల్ నొక్కమనండి. వాళ్లు మామూలుగా నొక్కే నొక్కుడికి బజర్ మోగితేనే ప్రాజెక్ట్ పూర్తయినట్టు. మా ఇంట్లో ఆ టెస్ట్ నానమ్మే చేసింది.