అంగల లెక్క

పల్లెల్లో పొలం కొనేటప్పుడో, గట్టు తగాదా వచ్చినప్పుడో కొలత గొలుసు దొరకకపోతే అంగలు వేసి కొలవడం మన పెద్దలకు అలవాటు. ఒక అంచున నిలబడి, రెండో అంచు దాకా నడిచి, "ఇటు నలభై అంగలు, అటు ముప్పై" అని తేల్చేవారు. అయితే పొడగరి అంగ వేరు, పొట్టివాని అంగ వేరు. అంతేకాదు, అమ్మేవాడు కొలిస్తే అంగలు పొట్టివవుతాయి, కొనేవాడు కొలిస్తే సాగుతాయి! అందుచేత అంగను నమ్మాలంటే ముందుగా ఆ అంగ పొడవెంతో తెలియాలి. అది మారకుండా ఉండాలి.

ఈ రెండు షరతులనూ పాటించి ఒక దేశాన్నే కొలిచిన వ్యక్తి నైన్‌సింగ్ రావత్. ఆయన కుమావూన్ కొండల్లోని మిలం గ్రామానికి చెందిన బడిపంతులు. ఆ రోజుల్లో టిబెట్టులోకి విదేశీయులను రానిచ్చేవారు కారు. సర్వే శాఖవారు ఆయనకు డెహ్రాడూన్‌లో శిక్షణ ఇచ్చారు. ఎగువకు ఎక్కినా, దిగువకు దిగినా అడుగు పొడవు మారకుండా నడవడం ఆ శిక్షణలో ముఖ్యభాగం. సుమారు రెండు వేల అడుగులు నడిస్తే ఒక మైలు. నూట ఎనిమిది పూసలుండవలసిన జపమాలలో నూరు పూసలే ఉంచారు. నూరడుగులకు ఒక పూస జరిపితే, మాల ఒక చుట్టు తిరిగేసరికి పదివేల అడుగులు, అంటే సుమారు ఐదు మైళ్ళు. చూసేవారికి అది జపం, ఆయనకు అది లెక్క. 1865లో నేపాల్ మీదుగా టిబెట్టులో ప్రవేశించి 1866 జనవరిలో లాసా చేరాడు. ఆయన నడిచిన బాట ఆ తరువాత పటాలకెక్కింది. 1877లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు స్వర్ణపతకం ఇచ్చి గౌరవించింది.

నైన్‌సింగ్ నడిచాడు, కాబట్టి అడుగును అదుపులో ఉంచుకోగలిగాడు. పరుగెత్తేవారికి అది సాధ్యం కాదు. నెమ్మదిగా పరుగెత్తేటప్పుడు అంగ పొట్టిగా ఉంటుంది, వేగం హెచ్చితే సాగుతుంది, అలసట వస్తే మళ్ళీ కుంచించుకుపోతుంది. అడుగుల సంఖ్యను ఒకే పొడవుతో గుణించే పాత పద్ధతి ఇక్కడ చాలదు. కావున ప్రతి అడుగునూ విడివిడిగా గమనించే సెన్సార్లు వచ్చాయి. ఇది బూటు లేసుకు తగిలించుకొనే చిన్న బిళ్ళ. పాదం కదలికలోని త్వరణాన్ని, అంటే వేగంలో వచ్చే మార్పును, ఇది సెకనుకు అనేకసార్లు గుర్తిస్తుంది. త్వరణాన్ని బట్టి వేగాన్నీ, వేగాన్ని బట్టి దూరాన్నీ లెక్కకట్టి చేతి గడియారానికి పంపుతుంది.

ఇలా లెక్క మీద లెక్క కట్టేటప్పుడు చిన్న తప్పు కూడా పెరుగుతూ పోతుంది. దానికి అడ్డుకట్ట వేసే అవకాశం మన పాదంలోనే ఉంది. పరుగులో శరీరం ముందుకు సాగుతూనే ఉంటుంది గాని, నేలకు ఆనిన పాదం మాత్రం ఒక్క క్షణం కదలక నిలుస్తుంది. ఆ క్షణంలో దాని వేగం సున్న. కొన్ని సెన్సార్లు ప్రతి అడుగులోనూ ఆ సున్నను పట్టుకొని లెక్కను కొత్తగా మొదలుపెడతాయి. మరికొన్ని పాదం నేలను తాకి ఉన్న కాలాన్ని బట్టి వేగాన్ని అంచనా వేస్తాయి.

ఎంత చేసినా పెట్టెలోంచి తీసిన సెన్సార్‌కు దాన్ని తొడుక్కున్నవారి నడక తెలియదు. ఒకరు మడమ ముందు మోపుతారు, మరొకరు మునివేళ్ళ మీద పరుగెత్తుతారు. కావున నిజమైన దూరం మీద పరుగెత్తి దాన్ని సరిచూడాలి. దీనినే క్రమాంకనం అంటారు. ఉదాహరణకు ఒక విద్యార్థిని 400 మీటర్ల ట్రాక్ మీద పది చుట్లు పరుగెత్తింది. నిజదూరం 4000 మీటర్లు. సెన్సార్ 4124 మీటర్లు చూపింది. 4000ను 4124తో భాగిస్తే 0.97 వస్తుంది. ఇది సవరణ గుణకం. పరికరంలో అంతకుముందే వేరొక గుణకం ఉంటే దాన్ని కొట్టివేసి 0.97 రాయకూడదు. పాత గుణకాన్ని కొత్తదానితో గుణించాలి. పాతది 1.02 అయితే ఇప్పుడు రాయవలసింది సుమారు 0.989. ఈ ఒక్క మెట్టు దగ్గర పొరపడితే సరిదిద్దబోయి మరింత చెడగొట్టినట్లవుతుంది.

ఇక ఆ "నిజదూరం" నిజమేనా అన్నది చూడాలి. ట్రాక్ మొదటి వరుసలో 400 మీటర్లను లోపలి గట్టంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు. రెండో వరుసలో పరుగెత్తితే చుట్టుకు 7 మీటర్లు అధికం. పాఠశాల మైదానంలో సున్నంతో గీసిన 200 మీటర్ల బాట మీద ఈ జాగ్రత్త మరింత అవసరం. కొలిచిన గీతకు ఒక మీటరు వెలుపలగా చుట్టూ పరుగెత్తితే ఎంత అధికమవుతుంది? వృత్తం చుట్టుకొలత సూత్రంతో చూడండి. వ్యాసార్థం ఒక మీటరు పెరిగితే చుట్టుకొలత 6.28 మీటర్లు పెరుగుతుంది. ట్రాక్ పెద్దదైనా, చిన్నదైనా ఈ పెరుగుదల మాత్రం అంతే. 400 మీటర్ల చుట్టులో అది నూటికి ఒకటిన్నర పాలు, 200 మీటర్ల చుట్టులో నూటికి మూడు పాళ్ళు. సెన్సార్ తప్పు అనుకున్నది పరుగెత్తినవారి తప్పు కావచ్చు. రోడ్డు పక్కన ఉన్న కిలోమీటరు రాళ్ళనూ గుడ్డిగా నమ్మరాదు. రాయికీ రాయికీ నడుమ సరిగ్గా వెయ్యి మీటర్లే ఉండాలని లేదు.

ఉపగ్రహ సంకేతాలతో దూరం చెప్పే గడియారాలూ ఉన్నాయి. అవి బయలు రోడ్డు మీద బాగానే పనిచేస్తాయి. చెట్ల కింద, ఎత్తైన మేడల నడుమ వాటి గీత అటూ ఇటూ తూలుతుంది. అటువంటి చోట వాటిని చూసి సెన్సార్‌ను సరిదిద్దడం గుడ్డివానికి గుడ్డివాడు దారి చూపినట్లే.

రోడ్డు మీద జరిగే మారథాన్ బాటను ఎలా కొలుస్తారో తెలిస్తే ఈ పనిలో ఎంత ఓర్పు కావాలో అర్థమవుతుంది. సైకిలు ముందు చక్రానికి ఒక లెక్కింపు యంత్రం తగిలిస్తారు. స్టీలు టేపుతో కొలిచిపెట్టిన తిన్నని రోడ్డు మీద ఆ సైకిలును ముందుగా అనేకసార్లు నడిపి, మీటరుకు ఎన్ని అంకెలు తిరుగుతున్నాయో చూస్తారు. బాటంతా కొలిచాక మళ్ళీ అదే చోటికి వచ్చి సరిచూస్తారు. ఎండ ముదిరేకొద్దీ టైరులో గాలి వ్యాకోచించి చక్రం కొలత మారుతుంది కదా! బాట పొట్టిది కాకుండా ఉండేందుకు వెయ్యి మీటర్లకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. 42.195 కిలోమీటర్ల మారథాన్‌లో అది సుమారు 42 మీటర్లు.

సెన్సార్‌నూ ఒకసారి సరిచూసి ఊరుకోరాదు. రెండు మూడు రోజులు, పోటీలో పరుగెత్తబోయే వేగంతోనే పరుగెత్తి చూడాలి. బూట్లు మార్చినప్పుడు మళ్ళీ చూడాలి. ప్రతిసారీ నూటికి మూడు అధికంగా చూపే సెన్సార్ మంచిదే, ఒక్క గుణకంతో అది దారికి వస్తుంది. ఒకనాడు మూడు అధికం, మరునాడు రెండు తక్కువ చూపేదాన్ని ఏ గుణకమూ బాగుచేయలేదు. అప్పుడు బిళ్ళ వదులుగా ఊగుతున్నదేమో ముందు చూడాలి.

నూటికి మూడు అంటే అంత పెద్ద తప్పా అనిపించవచ్చు. పరుగు సాధన చేసేవారు "పేస్" చూసుకొంటారు. ఒక కిలోమీటరుకు పట్టే కాలమే పేస్. దూరం తప్పయితే పేస్ కూడా తప్పే. పై విద్యార్థిని సెన్సార్‌ను సరిదిద్దకుండా నెలల తరబడి కిలోమీటరుకు 5 నిమిషాల చొప్పున సాధన చేసిందనుకోండి. నిజానికి ఆమెకు పట్టిన కాలం 5 నిమిషాల 9 సెకన్లు. పోటీలో బాటను సరిగ్గా కొలిచి ఉంటారు. 10 కిలోమీటర్లు 50 నిమిషాల్లో ముగిస్తానని బయలుదేరి, అదే ఊపుతో పరుగెత్తితే గీత దాటేసరికి 51 నిమిషాల 33 సెకన్లు. అలాకాక బాట పక్కని దూరపు గుర్తులు చూసి, వెనుకబడ్డానని కంగారుపడి వేగం పెంచితే, ఒంటికి అలవాటు లేని ఆ వేగం సగం దారిలోనే ఊపిరి తీస్తుంది. లోపం ఆమె కాళ్ళలో లేదు, సాధనలోనూ లేదు.

అభ్యాసం

1. నైన్‌సింగ్ జపమాలలో నూరు పూసలే ఎందుకు ఉంచారు?
2. 200 మీటర్ల బాట మీద 15 చుట్లు పరుగెత్తితే సెన్సార్ 2940 మీటర్లు చూపింది. సవరణ గుణకం ఎంత? పాత గుణకం 0.98 అయితే ఇప్పుడు ఏ అంకె రాయాలి?
3. మీ ఇంట్లో పెద్దలు పొడవును, దూరాన్ని చెప్పడానికి వాడే జాన, మూర, ఆమడ వంటి మాటలను సేకరించండి. మీ ఊళ్ళో వినిపించే ఇతర భాషలో వాటికి సమానమైన మాటలేవో అడిగి తెలుసుకొని పక్కన రాయండి.
4. పై ప్రశ్నలో "అడిగి" అన్న మాట ఉంది. పాఠంలో "అడుగు" అన్న నామవాచకం ఉంది. ఈ రెంటి అర్థాలకూ తేడా తెలిసేటట్లు రెండు సొంత వాక్యాలు రాయండి.