చవక సర్వర్‌పై తరగతి క్విజ్

ప్రశ్న: మా ట్యూషన్ సెంటర్ మూడుల్ (ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్) సైట్ 1 జీబీ ర్యామ్ సర్వర్‌పై నడుస్తోంది. 40 మంది పిల్లలు ఒకేసారి ఆడే క్విజ్ పెట్టవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, ఉక్కునగరం

జవాబు: పెట్టవచ్చండి. అయితే ప్రతి ఫోనూ సెకనుకోసారి ‘కొత్త ప్రశ్న వచ్చిందా?’ అని మూడుల్‌ను అడిగే పద్ధతి వద్దు. సెకనుకు 40 అభ్యర్థనలు, ప్రతిదానికీ పీహెచ్‌పీ, డేటాబేస్ పని. అంత చిన్న సర్వర్ తట్టుకోలేదు. 2011లో ప్రమాణంగా వచ్చిన వెబ్‌సాకెట్ వాడండి. కనెక్షన్ తెరిచే ఉంటుంది, అవసరమైనప్పుడే సమాచారం వెళ్తుంది. ఆటకు విడిగా చిన్న నోడ్ జేఎస్ ప్రోగ్రామ్ పెట్టి, మార్కులు ఆట ముగిశాక ఒక్కసారే మూడుల్‌కు పంపండి. సరైన జవాబులు ముందుగా ఫోన్లకు పంపకండి. సిగ్నల్ పోయి తిరిగొచ్చిన పిల్లల స్కోరు నిలిచి ఉండేలా చూడండి. వేగానికి కాక, సరైన జవాబుకే ఎక్కువ మార్కులివ్వండి. నెట్ నెమ్మదిగా ఉన్న ఇంటి బిడ్డ వెనకబడకూడదు.