చిలికలో ఒకనాడు

గడచిన పుష్యమాసమున ఒక ఆదివారమునాడు మన పాఠశాల పిల్లలు ముప్పదిమందియు, ఉపాధ్యాయులము మువ్వురమును బరంపురమున తెల్లవారుజాము రైలెక్కి, బాలుగావ్ స్టేషనులో దిగి, బర్కూలు రేవున పడవ లెక్కితిమి. ఆనాడు చూచినదియు, తిన్నదియు మాకొక్క పాఠమునే బోధించినవి. రాలేకపోయిన పిల్లల కొఱకును, తలిదండ్రుల కొఱకును దానిని ఇచట వ్రాయుచున్నాను.

చిలిక మన దేశపు సముద్రతీర సరస్సులలో మిక్కిలి పెద్దది. ఉత్తరమున మహానది పాయలైన దయా, భార్గవీ నదులు దీనికి మంచినీటిని తెచ్చును. తూర్పున సన్నని ఇసుకదిబ్బ దీనిని బంగాళాఖాతమునుండి వేరుచేయును. ఆ దిబ్బ తెగిన చోటు 'మొగ'. మొగద్వారా సముద్రజలము లోనికి వచ్చును. కావున చిలిక నీరు కేవలము ఉప్పు గాదు, కేవలము తీపి గాదు.

మేము మొదట నలబనకు పోతిమి. నలమనగా రెల్లు, బన యనునది మన వనమే. వానకాలమున ఈ దీవి నీట మునిగి, శీతకాలమున తేలును. అప్పుడు బయటపడు బురదమేటలపై ఆహారమునకై లక్షలకొలది పక్షులు దూరదేశములనుండి వచ్చును. పక్షులు బెదరకుండ ఇంజను ఆపించి, దూరమునుండియే చూచితిమి.

ఒకచోట కాషాయవర్ణపు బాతులు జంటలుగా నుండెను. పడవవాడు "చకువా!" అని చూపెను. వెనుకనుండి ఒక బాలుడు "మాస్టారూ, మన పద్యములలోని చక్రవాకమా?" అని కేక వేసెను. అదియే! ఇరువది యేండ్లుగా తరగతిలో చక్రవాకమునకు అర్థము చెప్పుచున్న నేను దానిని కన్నులార చూచుట అదియే మొదటిసారి. లడఖ్, టిబెట్టు మొదలగు చలిసీమలలో గ్రుడ్లుపెట్టి పిల్లలను పెంచు ఆ పక్షి, హిమాలయములు దాటి మా యెదుటికి వచ్చినది. ఇరావతి డాల్ఫినులు మాత్రము మాకు కనబడలేదు. అవి సాతపడా వైపున నెక్కువ.

మధ్యాహ్నము రేవున భోజనము. అన్నము, దాల్మా, వేయించిన చేప, రొయ్యల కూర, పీతల కూర వడ్డించిరి. దాల్మా యనగా పప్పులో అరటికాయ, బొప్పాయికాయ, గుమ్మడి, వంకాయ ముక్కలు ఉడికించి తాలింపు పెట్టినది. ఒక బాలిక "ఇది చింతపండు మరచిన ముక్కలపులుసు" అని, ఆ మాటనే వడ్డించు మావుసికి ఒడియాలో చెప్పగా, ఆమె నవ్వి మరొక గరిటె వేసెను.

"ఈ రొయ్య ఎచట పుట్టినది?" అని అడిగితిని. అందఱును "చిలికలో" అనిరి. కాదు. ఈ రొయ్యలు సముద్రమున పుట్టి, పిల్లలుగా మొగద్వారా చిలికకు వచ్చి పెరుగును. ఆడుపీతలు గ్రుడ్లు విడుచుటకు మొగద్వారా సముద్రమునకు పోవును. మొగ మూసికొనిపోయిన మన విస్తరి వట్టిదగును.

అట్టి దుర్దశ ఒకప్పుడు వచ్చినది. అలలు తెచ్చిన ఇసుక, నదులు తెచ్చిన మన్ను మేటవేయగా ఉప్పు తగ్గి, కలుపుమొక్కలు అల్లుకొని, చేపల పట్టుబడి క్షీణించెను. 1981లో రామ్‌సర్ అంతర్జాతీయ జాబితాకెక్కిన చిలిక, 1993లో ఆపదలోనున్న సరస్సుల పట్టికలో చేరెను. 2000 సెప్టెంబరులో సిపకుదా వద్ద క్రొత్త మొగను త్రవ్విరి. చేపలు, రొయ్యలు, పీతలు మరల వృద్ధి చెందెను. 2002లో ఆపదపట్టికనుండి చిలిక పేరు తొలగినది.

తిరుగు రైలులో పిల్లలచేత చూచిన, తిన్న వస్తువుల పేర్లు వ్రాయించితిని. చింగుడి, కంకడా అని ఒడియాలో అందఱును వ్రాసిరి. రొయ్య, పీత యని వ్రాయలేనివారు పదిమంది. నా మనస్సు చివుక్కుమన్నది.

తల్లులారా, తండ్రులారా! ఒడియా నేర్చిన తెలుగు చెడునా యని కొందఱును, తెలుగు చదివిన ఒడియాలో వెనుకబడుదురా యని కొందఱును నన్నడుగుచుందురు. పడవవాని 'చకువా'ను 'చక్రవాకము'గా గుర్తించిన బాలునకు రెండు భాషలును తోడ్పడినవి. వీధియు, బడియు ఒడియాను తెచ్చును; ఇంట తెలుగు మాటలాడుట మానినచో ఆ మొగ ఇసుకతో పూడును. దానిని తెరచియుంచుట మీ చేతిలోనున్నది.

అభ్యాసము
1. చిలికలో ఉప్పు తగ్గిన రొయ్యలకు, పీతలకు ఏమగును?
2. నలబనకు పక్షులు శీతకాలముననే ఏల వచ్చును?
3. మీ అమ్మమ్మను గాని నాయనమ్మను గాని అడిగి, పది చేపల తెలుగు పేర్లు వ్రాసి తెండు.