పూజకా, మందుకా, పరిమళానికా?

దుబాయ్ డేరాలోనో, కువైట్ ముబారకియా సంతలోనో, మన చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీలోనో అత్తరు దుకాణంలో పనికి కుదిరిన కుర్రాడికి మొదటి వారం నేర్పేవి ధరలే. ఏ డబ్బా ఎంత, ఏ సీసా ఎంత, ఎక్కడి దాకా తగ్గించవచ్చు. అవి తెలియక తప్పదు. కానీ ఒకే గాజు బీరువాలో ఉన్న రెండు నల్లటి చెక్కముక్కల్లో ఒకటి వందల్లో, రెండోది వేలల్లో ఎందుకు పలుకుతుందో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. ఆ తెలివిడి ఉన్నవాడు రెండేళ్లలో కౌంటర్ బాధ్యత అందుకుంటాడు. లేనివాడు పదేళ్లయినా డబ్బాలు తుడుస్తూనే ఉంటాడు. ఊద్, అంటే అగరు, అమ్మే దుకాణాల్లో పనిచేసే మన పిల్లల కోసమూ, గల్ఫ్ ఇళ్లలో రోజూ ధూపం వేసే మన ఆడపడుచుల కోసమూ ఈ నాలుగు మాటలు.

అన్నిటికంటే ముందు ఒక అలవాటు చేసుకోండి. వచ్చినవాళ్లు ఊద్ అడగగానే డబ్బా తీయకండి. దేనికోసమో మర్యాదగా కనుక్కోండి. ప్రార్థనకా, ఇంటికొచ్చే అతిథుల కోసమా, ఒంటికి రాసుకోవడానికా, ఏదైనా జబ్బుకు వాడదామనా? అగరును మనుషులు వేల ఏళ్లుగా ఈ పనులన్నిటికీ వాడుతున్నారు. ప్రతి పనికీ సరుకు వేరు, దాని గురించి మీరు చెప్పదగ్గ మాటా వేరు.

ముందు చెట్టు సంగతి. అక్విలేరియా అనే ఈ జాతి చెట్లు అస్సాం, త్రిపుర, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ మొదలుకుని కంబోడియా, వియత్నాం, ఇండోనేషియాల దాకా పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న చెట్టును నరికితే వచ్చేది పాలిపోయిన తేలికపాటి కలప. దానికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. మానుకు దెబ్బ తగిలినా, పురుగు తొలిచినా, ఆ గాయంలోకి బూజు దిగినా చెట్టు తనను కాపాడుకోవడానికి అక్కడ ఒక జిగురులాంటి పదార్థాన్ని ఊరిస్తుంది. ఏళ్ల తరబడి ఆ జిగురు పట్టి నల్లబడిన భాగమే అగరు. అందుకే ఒకే మానులో జానెడు దూరంలో ఉన్న రెండు ముక్కలకు ఒకే ధర ఉండదు. మీరు అమ్ముతున్నది చెక్క కాదు, చెక్కలో పట్టిన జిగురు. చెట్టు వయసు ఎంతని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. వయసుతో పాటు జిగురు ఎంత పట్టిందన్నది చూడాలని చెప్పి, ముక్కను వెలుతురులో తిప్పి ఆ నల్లటి చారలు చూపించండి. ఇప్పుడు మార్కెట్లో ఉన్న సరుకులో చాలా భాగం తోటల్లో పెంచి, మానుకు రంధ్రాలు వేసి బూజు ఎక్కించి తయారుచేసింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తోట సరుకును అడవి సరుకని చెప్పడమే తప్పు.

భక్తితో కొనేవారి విషయానికొస్తే, గల్ఫ్‌లో ఊద్ లేని శుక్రవారం ఉండదు. పండుగకూ పెళ్లికీ అది ముందుండాలి. మక్కాలో కాబాకు ఊద్ తైలం పూస్తారు. ఇంటికొచ్చిన అతిథుల ముందు మబ్ఖరా, అంటే ధూపపు పాత్ర, తిప్పడం పెద్ద మర్యాద. ఊద్ తిరిగాక ఇక కూర్చోవడం ఉండదని అరబ్బుల్లో ఒక సామెత ఉంది. విందు ముగిసింది, సెలవు తీసుకోవచ్చని దాని సూచన. ఇళ్లలో పనిచేసేవారు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. యజమానురాలు చెప్పకముందే మబ్ఖరా పట్టుకెళితే వచ్చినవాళ్లను లేచి వెళ్లమన్నట్టు అవుతుంది.

మన హిందూ ఇళ్లలో దశాంగ ధూపంలో అగరు ఒక ముఖ్య ద్రవ్యం. అయితే రోజూ వెలిగించే అగరువత్తుల్లో ఇప్పుడు ఎక్కువగా ఉండేవి వెదురుపుల్ల, బొగ్గుపొడి, జిగట్ అనే బంకపొడి, పైన అద్దిన సెంటు. అసలు అగరు వాటిలో చాలావాటికి తగలనే తగలదు. అందుకే పూజకు నిజమైన అగరు కావాలని వచ్చినవారికి అగరువత్తుల పెట్టె చూపించకండి. చిన్న చెక్కముక్కలో, అగరు పొడో చూపించి, నిప్పు మీద ఎలా వేయాలో చెప్పి పంపండి. వాళ్లు మళ్లీ మీ దుకాణానికే వస్తారు. క్రైస్తవులకూ ఇది కొత్త కాదు. యేసు దేహాన్ని సమాధి చేసేటప్పుడు నికోదేము బోళంతో కలిపి తెచ్చింది అగరేనని తెలుగు బైబిల్ చదివినవారికి తెలుసు. జపాన్‌లో అగరు వాసనను ఆస్వాదించే పద్ధతి ఇంకోటి. అందులో పొగ రానివ్వరు. బూడిదలో కప్పిన బొగ్గు మీద అభ్రకపు పలక పెట్టి, దానిపై గోరు చివరంత ముక్కను వేడిచేసి వాసన చూస్తారు. నారా నగరంలోని షోసోయిన్ భాండాగారంలో రంజతాయ్ అనే అగరు దుంగ ఉంది. దాని పొడవు సుమారు 156 సెంటీమీటర్లు, బరువు 11.6 కిలోలు. 1574లో సేనాని ఓదా నొబునాగా దాన్నుంచి కొంత భాగం కోయించుకున్నాడు. జపాన్ నుంచి వచ్చిన కొనుగోలుదారు ఎదురైతే పెద్ద ముక్కల డబ్బా పక్కనపెట్టి, చిన్నవే అయినా మేలైన పలుకులు చూపించండి.

ఇక మందు. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. అగరుకు ఆయుర్వేదంలో పెద్ద స్థానమే ఉంది. చరక సంహితలో శ్వాసహర ద్రవ్యాల్లో ఒకటిగా, చలిని పోగొట్టే ద్రవ్యాల్లో ఒకటిగా దాన్ని చెప్పారు. చ్యవనప్రాశ పాఠంలోనూ అగరు ఉంది. యునానీలో జీర్ణశక్తికి ఇచ్చే జవారిష్ ఊద్ హైదరాబాద్ పాతబస్తీలో చాలామందికి తెలిసిన మందు. చైనా వైద్యంలోనూ కడుపునొప్పికి దీన్ని వాడతారు. అగరు తైలపు ఆవిరి ఎలుకలను శాంతపరిచిందని జపాన్ పరిశోధకులు చూపించారు. ఇంతవరకు మీరు ధైర్యంగా చెప్పవచ్చు. కానీ ఎలుకకు పనిచేసింది కాబట్టి మీ అమ్మగారి నిద్రలేమి తగ్గుతుందని మాత్రం చెప్పకూడదు. వైద్యుడు శుద్ధిచేసి, కొలత చూసి, ఇతర ద్రవ్యాలతో కలిపి ఇచ్చే అగరు వేరు, ధూపం కోసం మీ బీరువాలో ఉన్న ముక్క వేరు. మీ సీసాలోని తైలంలో ఏ ద్రావకం కలిపారో చాలాసార్లు మీకే తెలియదు. దాన్ని ఎవరైనా తేనెలో వేసుకుని నాకితే ఆ పాపం మీ మాటదే అవుతుంది.

కౌంటర్‌లో నిలబడి చెప్పడానికి మాట సిద్ధంగా ఉంచుకోండి: "ఇది వాసన కోసం అమ్ముతున్నామండి, లోపలికి తీసుకునేది కాదు. మందుగా కావాలంటే వైద్యుడిని అడిగి, లైసెన్సున్న మందుల దుకాణంలో తీసుకోండి." ఈ మాట అన్నందుకు అమ్మకం పోతే పోనివ్వండి. మన దేశంలో ఫలానా ఫలానా జబ్బులు నయమవుతాయని ప్రకటనలు చేయడాన్ని 1954 నాటి చట్టం నేరంగా చూస్తుంది. వాట్సాప్‌లో మీరు పెట్టే సందేశం కూడా ప్రకటనే. ఆయుర్వేద మందు తయారుచేసి అమ్మాలంటే వేరే లైసెన్సు ఉండాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. యునానీ చీటీలో ఊద్ సలీబ్ అని రాసి ఉంటే అది అగరు కాదు. పియోనీ అనే వేరే మొక్క వేరు అది. పేరులో ఊద్ ఉందని అగరు ముక్క ఇచ్చేస్తే ప్రమాదం. చీటీతో వచ్చినవారిని యునానీ దుకాణానికే పంపండి.

పరిమళం దగ్గరికొస్తే మీ ముక్కే మీ పనిముట్టు. తైలం తీసేవాళ్లు చెక్కను తురుమి రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, ఆ తర్వాత బట్టీ పెడతారు. నానబెట్టిన కాలం, చెక్క రకం, బట్టీ పాత్ర, అన్నీ వాసనలోకి వస్తాయి. గల్ఫ్‌లో హిందీ అనే మన ఈశాన్య ప్రాంతపు తైలం మొదట పశువుల పాక వాసనతో గుప్పుమంటుంది. అరగంట ఆగితే తోలు, తడి కట్టె, పొగాకు వాసనలు నెమ్మదిగా విచ్చుకుంటాయి. కంబోడీ మొదటి నుంచే తియ్యగా, పండ్ల వాసనతో ఉంటుంది. ఊద్ ఎరగని వారికి మొట్టమొదట హిందీ చూపిస్తే మొహం చిట్లించి వెళ్లిపోతారు. వాళ్లకు కంబోడీతో మొదలుపెట్టండి. ముదురు అలవాటున్న అరబ్ పెద్దమనిషికి అదే కంబోడీ పిల్లల సరుకులా తోస్తుంది. ఆయన ముందు హిందీ పెట్టండి. గాజుపుల్లతో మణికట్టు మీద ఒక్క చుక్క వేసి, రుద్దవద్దని చెప్పి, కాసేపు మాటల్లో పెట్టండి. తొందరపెట్టి వెంటనే వాసన చూపించి అమ్మినవాడు సరుకుకు అన్యాయం చేసినట్టే. తైలం తులాల్లో అమ్ముతారు. తులా అంటే 11.66 గ్రాములు, పావు తులా సీసా సుమారు 3 మిల్లీలీటర్లు. కొనేవాళ్లు అడిగేలోపే లెక్క నోటికి రావాలి.

మీరు కూడా రోజూ నేర్చుకోవాలి. పనికొచ్చే రోజు సెంటు పూసుకోకండి. ఒక విడతలో మూడు నాలుగు వాసనలకు మించి చూడకండి, ఆ తర్వాత ముక్కుకు తేడా తెలియదు. బయటికెళ్లి గాలి పీల్చి రండి. చిన్న పుస్తకంలో రకం పేరు, మొదటి వాసన, గంట తర్వాతి వాసన మీ మాటల్లో, తెలుగులోనే రాసుకోండి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం మీ దగ్గరున్న ఏ సర్టిఫికెట్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

నకిలీ సంగతి కూడా తెలియాలి. తెల్ల కలపకు రంగు, నూనె పట్టించి నొక్కి తయారుచేసిన ముక్కలు బజారులో బోలెడు. బరువు కోసం లోపల సీసం దూర్చినవీ ఉన్నాయి. మేలైన అగరు నీళ్లలో మునుగుతుందన్నది నిజమే, కానీ సీసం దూర్చిందీ మునుగుతుంది, కాబట్టి ఆ ఒక్క పరీక్షను నమ్ముకోకండి. కోసిన అంచు చూడండి. సహజమైన జిగురు చారలు వంకరటింకరగా, ఒకచోట చిక్కగా ఒకచోట పలచగా ఉంటాయి. ముక్క మొత్తం ఒకే నలుపుంటే అనుమానించండి. ఆపైన వేడిచేసి చివరిదాకా వాసన చూడండి. మంచి అగరు చివర్లో కూడా మృదువుగానే ఉంటుంది, నకిలీది సగంలోనే ప్లాస్టిక్ కాలినట్టు గొంతు పట్టేస్తుంది. మీ యజమాని తెలిసి తెలిసి నకిలీ అమ్మమంటే ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్నే. వీసా ఆయన చేతిలో ఉన్నప్పుడు ఎదిరించమని ఇక్కడ కూర్చుని చెప్పడం సులువు. కనీసం "ఇది అసలైనదేనా" అని నేరుగా అడిగినవారికి అవునని అనకండి. "అగరు వాసన పట్టించిన ముక్క" అనండి. అది నిజం, అమ్మకమూ ఆగదు. మెల్లగా మంచి దుకాణం వెతుక్కోండి.

పొగ మధ్య రోజంతా గడిపేవారి ఒంటి సంగతి ఎవరూ పట్టించుకోరు. ఎంత పవిత్రమైన ధూపమైనా ఊపిరితిత్తులకు అది పొగే. తలుపులు మూసి ఏసీ వేసిన దుకాణంలో బొగ్గు వెలిగించి ఉంచితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. తలనొప్పి, వికారం, మగత వస్తే వెంటనే బయటికి వెళ్లండి. వీలైతే కరెంటు మబ్ఖరా పెట్టమని యజమానిని అడగండి. ఇళ్లలో పనిచేసేవారు బొగ్గు పూర్తిగా రాజుకుని పైన బూడిద కప్పాకే ముక్క వేయండి, ఎర్రటి నిప్పు మీద నేరుగా వేస్తే జిగురు మాడి ఖరీదైన సరుకు వృథా అవుతుంది. బట్టలకు, తెరలకు పొగ పట్టేటప్పుడు పాత్రను చేత్తోనే పట్టుకోండి, కింద పెట్టి వదిలి వెళ్లకండి. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే వాళ్లు లేని గదిలో వేసి, కిటికీ తెరిచాక రానివ్వండి.

ఈ పనిలో పైకి ఎదగాలనుకునేవారికి దారులున్నాయి. కేంద్ర చిన్న పరిశ్రమల శాఖ కింద కన్నౌజ్‌లో సుగంధ, రుచి ద్రవ్యాల అభివృద్ధి కేంద్రం స్వల్పకాలిక శిక్షణలు ఇస్తుంది. లక్నోలోని సీమ్యాప్ అనే ఔషధ, సుగంధ మొక్కల సంస్థకు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. సెలవుకు వచ్చినప్పుడు విచారించండి. అస్సాంలోని హోజాయ్ ప్రాంతం నుంచి వచ్చిన అజ్మల్ అలీ 1951లో ముంబైలో మొదలుపెట్టిన వ్యాపారం ఈ రోజు గల్ఫ్ మొత్తానికీ తెలిసిన పేరైంది. సరుకు పుట్టే ఊరి మనిషికి సరుకు తెలియడమే ఆయన పెట్టుబడి. మీ కష్టార్జితాన్ని మాత్రం అగర్‌వుడ్ మొక్కలు నాటితే కొన్నేళ్లలో కోట్లు వస్తాయనే ప్రకటనల చేతిలో పోయకండి. మొక్క బతకడం ఒక ఎత్తు, అందులో జిగురు పట్టడం ఇంకో ఎత్తు, ఆ సరుకు కొనేవాడు దొరకడం అన్నిటికీ మించిన ఎత్తు. మొక్క అమ్మేవాడు తిరిగి కొంటానని కాగితం మీద రాసిచ్చినా, ఇంతకుముందు ఎవరి తోట కొన్నాడో అక్కడికి వెళ్లి చూసొచ్చాకే పైసా ఇవ్వండి.

ఇంటికి తెచ్చుకునేటప్పుడు ఒక నియమం గుర్తుంచుకోండి. అక్విలేరియా మలాసెన్సిస్ జాతి 1995 నుంచీ, మిగతా అగరు జాతులు 2005 నుంచీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో పట్టికలో ఉన్నాయి. వ్యాపారానికి దేశాలు దాటించాలంటే అనుమతి పత్రం తప్పనిసరి. సొంత వాడకానికైతే ఆ ఒప్పందం మనిషికి 1 కిలో ముక్కలు, 24 మిల్లీలీటర్ల తైలం, రెండు జపమాలల వరకు మినహాయింపు ఇస్తుంది. అయినా ఒక్కో దేశం ఇంతకంటే కఠినంగా ఉండవచ్చు, కాబట్టి టికెట్ తీసుకునేముందే కస్టమ్స్‌వారిని అడిగి తెలుసుకోండి. బిల్లు పడేయకుండా పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. ఊరివాళ్లకు ఇవ్వమని ఎవరైనా మూసిన డబ్బా చేతిలో పెడితే, ఎంత దగ్గరివాళ్లైనా సరే, తీసుకోకండి.