హాస్యం - హృదయధర్మం

నవ్వుకు మాటలతో పనిలేదు. పలుకులు నేర్వని పసిబిడ్డ దాదాపు నాలుగవ నెలలోనే తల్లి ముఖం చూచి కిలకిల నవ్వుతుంది. ఆ శిశువుకు చమత్కారం తెలియదు, శ్లేష తెలియదు. తల్లి చెంతనే ఉన్నదన్న ధీమా ఒక్కటే తెలుసు. దీనిని బట్టి నవ్వు బుద్ధి కంటె ముందుగా హృదయంలో జనిస్తుందని గ్రహించవచ్చు.

భరతముని ఈ సత్యాన్ని ఏనాడో గుర్తించాడు. నాట్యశాస్త్రంలో హాస్యరసానికి ‘హాసం’ స్థాయిభావమని చెప్పాడు. వికృతమైన వేషం, పొంతన లేని మాట, అనుచితమైన చేష్ట ఆ భావాన్ని మేల్కొలుపుతాయి. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆయన నవ్వును ఆరు విధాలుగా విభజించాడు. పలువరుస కనబడని మందహాసం స్మితం. కన్నీరు ఉబుకగా, చేతులతో డొక్కలు పట్టుకొని బిగ్గరగా నవ్వడం అతిహసితం.

ఆధునిక శాస్త్రం కూడా నవ్వుకూ మనస్సుకూ గల బంధాన్ని పరిశీలించింది. మనఃపూర్వకంగా నవ్వినప్పుడు పెదవులతోపాటు కన్నుల చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకొంటుందని ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్ 1862లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. పెదవులు మర్యాదకు నవ్వగలవు. కన్నులు సాధారణంగా మనస్సు నవ్వితేనే నవ్వుతాయి.

అయితే ప్రతి నవ్వుకూ ప్రేమయే మూలం కాదు. గర్వం నుండి, తిరస్కారం నుండి పుట్టే నవ్వులూ ఉన్నాయి. మయసభలో నేల అని భ్రమించి నీటిలో అడుగిడి తడిసిన దుర్యోధనుని చూచి పాండవులు నవ్వారు. నవ్వినవారికది క్షణకాలపు వినోదం. నవ్వులపాలైనవానికి ఆరని అవమానం. అతని అసూయకు ఆ అవమానం తోడై జూదానికి, అరణ్యవాసానికి, చివరకు కురుక్షేత్రానికి దారితీసింది.

ఇందుకు భిన్నమైన హాస్యం గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో గోచరిస్తుంది. 1892లో మొదటిసారి ప్రదర్శితమైన ఈ నాటకంలో పసిపిల్ల సుబ్బిని ముదుసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి తండ్రి సిద్ధపడతాడు. మేనకోడలిని రక్షించడానికి కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి, ఆ ముదుసలికే కట్టబెడతాడు. లుబ్ధావధాన్లు మోసపోయిన తీరు చూచి ప్రేక్షకుడు నవ్వకుండా ఉండలేడు. ఆ నవ్వు వెనుక సుబ్బికి ఏమవుతుందోనన్న భయం ఉంది. చిన్ననాటనే వితంతువైన ఆమె అక్క బుచ్చమ్మ పట్ల జాలి ఉంది. ఇక్కడ నవ్వులపాలైనది దుర్బలుడు కాదు, దురాచారం.

కావున హాస్యం విలువను నవ్వు బిగ్గరతనం నిర్ణయించదు. దానికి మూలమైన భావం నిర్ణయిస్తుంది. అహంకారం నవ్విస్తే ఎదుటివాని మనస్సు గాయపడుతుంది. కరుణ నవ్విస్తే సంఘం తన లోపాన్ని తాను చూచుకొంటుంది. నవ్వే ముందు ఎదుటివాని స్థానంలో నిలిచి చూడగలగడమే సహృదయత.