వెదకి వచ్చే గురువు, అడిగి తెలుసుకునే శిష్యుడు

శ్రీమద్భాగవతం దశమస్కంధంలో కుచేలుడు ద్వారకకు వచ్చినప్పుడు, శ్రీకృష్ణ పరమాత్మ ఆయనను ఆదరించి కూర్చుండబెట్టి జ్ఞాపకం చేసుకున్నది గురుకులవాసాన్ని. గురుపత్ని పంపగా కట్టెల కొరకు అడవికి వెళ్లిన రోజు, అకాలపు గాలివాన, కన్ను కానని చీకటి, ఒకరి చేయి ఒకరు పట్టుకొని రాత్రంతా తిరగడం. సూర్యోదయ వేళకు సాందీపని మహర్షి శిష్యులను వెదకుతూ తానే అడవికి వచ్చాడు. ఈ ఘట్టాన్ని తెనిగించిన పోతనామాత్యుని బమ్మెర మన జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనిదే.

కళాశాల విద్యార్థులకు ఈ కథ నేడు మరింత అవసరం. తన ఇంట ఉన్న శిష్యులలో ఎవరు తిరిగి రాలేదో సాందీపనికి తెలిసింది. అరవై మంది కూర్చున్న డిగ్రీ తరగతిలో ఎవరు దారి తప్పారో అధ్యాపకునికి తెలియడం కష్టం. మహబూబాబాద్ తండాల నుండి, భూపాలపల్లి అటవీ గ్రామాల నుండి వచ్చే పిల్లల్లో కొందరు తమ ఇంట కళాశాల గడప తొక్కిన మొదటివారు. ఇంటర్ వరకు తెలుగులో చదివినవారికి ఒక్కసారిగా ఆంగ్లంలో పాఠం వింటే అర్థం కాదు. అయినా తల ఊపుతారు. పెద్దలకు ఎదురు మాట్లాడకపోవడమే వినయమని మనమే నేర్పాం కదా! ఆ మౌనాన్ని చూసి, పాఠం అర్థమైందని అధ్యాపకుడు అనుకుంటాడు. మొదటి సెమిస్టరులో తప్పిన రెండు సబ్జెక్టులు ఏడాది తిరిగేసరికి ఐదవుతాయి. ఆపై ఒకనాడు కళాశాలకు బస్సు ఎక్కడమే మానేస్తారు. వీరు సోమరితనం వల్ల కాక, అడగలేక చదువు పోగొట్టుకున్నవారు.

భగవద్గీత నాలుగవ అధ్యాయం 34వ శ్లోకంలో, జ్ఞానాన్ని గురువు వద్ద ఎలా పొందాలో చెబుతూ భగవానుడు ప్రణిపాతం, పరిప్రశ్న, సేవ అనే మూడింటిని పేర్కొన్నాడు. మొదటిదీ చివరిదీ మనకు బాగా గుర్తున్నాయి. నడుమ ఉన్న ప్రశ్నను మరచిపోయాం. పరిప్రశ్న అంటే గురువును పరీక్షించడం కాదు, తాను ప్రయత్నించి ఎక్కడ ఆగిపోయాడో విన్నవించుకోవడం. “సార్, ఏమీ అర్థం కాలేదు” అంటే అధ్యాపకుడు ఎక్కడ మొదలుపెట్టాలి? “సార్, ఈ లెక్కలో మూడవ మెట్టు వరకు చేశాను, తరువాత తోచలేదు” అని నోటుబుక్కు చూపితే రెండు నిమిషాల్లో దారి దొరుకుతుంది. పేరు, ఊరు చెప్పి ఈ పరిచయం మొదటి నెలలోనే చేసుకోవాలి. ఇంటర్నల్ మార్కులు వేసే వారంలోనో, స్కాలర్‌షిప్ కాగితంపై సంతకం కావలసిన నాడో మాత్రమే కనబడే విద్యార్థిని ఏ అధ్యాపకుడైనా ఇట్టే గుర్తుపడతాడు!

సేవ విషయంలో ఒక మాట. పండుగకు మిఠాయి పెట్టె ఇవ్వడం, ఇంటి పనులు చేసి పెట్టడం సేవ కావు. వేళకు తరగతికి రావడం, తీసుకున్న పుస్తకం తిరిగి ఇవ్వడం, నేర్చుకున్నది వెనుకబడిన తోటివారికి చెప్పడం సేవ. గౌరవానికి హద్దు కూడా శాస్త్రమే చెప్పింది. ఆచార్యుని దైవంగా భావించమన్న తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోనే, మా మంచి నడవడినే అనుసరించండి, ఇతరమైనవి వద్దు అని ఆచార్యుడు శిష్యులకు చెబుతాడు. ఎవరైనా అనుచితంగా ప్రవర్తిస్తే, ముఖ్యంగా ఆడపిల్లలు, గురుభక్తి పేరిట సహించనక్కరలేదు. ఇంట్లోనూ ప్రిన్సిపాల్‌కూ చెప్పాలి.

తెలియదని చెప్పడానికి సిగ్గు వద్దు. ప్రశ్నోపనిషత్తులో సుకేశుడు, కోసల రాజకుమారుడు అడిగిన దానికి తెలియదని నిజం చెప్పి పంపి, అదే ప్రశ్నను పిప్పలాద మహర్షి ముందు ఉంచి సమాధానం పొందాడు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. రోగి మంచం పక్కన ప్రొఫెసర్ అడిగినప్పుడు తెలియనిది తెలుసునన్న విద్యార్థి వల్ల రేపు ప్రమాదం ఎవరికో వేరే చెప్పాలా?

2016లో ఏర్పడిన జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఒక ఆచార్యుని పేరు ధరించింది. కొత్తపల్లి జయశంకర్ (1934–2011) అర్థశాస్త్ర అధ్యాపకులు, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసినవారు. ఆయన తరగతిలో ఏనాడూ కూర్చోనివారు సైతం ఆయనను ‘జయశంకర్ సార్’ అనే పిలిచారు.

పరీక్షల ముందు పిల్లలతో కాళేశ్వరానికి, కురవి వీరభద్రస్వామి సన్నిధికి, పాలకుర్తి సోమేశ్వరాలయానికి వచ్చే తల్లిదండ్రులకు ఒక మనవి. మార్కులెన్ని అని అడిగే ముందు, నీకు పాఠం చెప్పే సార్లు, మేడమ్‌ల పేర్లేమిటి, ఈ నెలలో వారిని ఏమడిగావు అని దర్శనం వరుసలో నిలబడినప్పుడు అడిగి చూడండి. పేర్లు చెప్పడానికి తడబడితే, వచ్చే సోమవారం పనికి ఒక పూట సెలవు పెట్టి మీరూ కళాశాలకు వెంట వెళ్లండి.